అక్కకు రాసిన ఉత్తరాలు

జపాన్‌ నాలుగు పెద్ద దీవుల్లో అన్నిటికన్నా చిన్నది షికోకు. దాని దక్షిణపు ఒడ్డున, పసిఫిక్ మహాసముద్రానికి ఎదురుగా ఉన్న పట్నం కోచి. మన కేరళ కొచ్చికీ దీనికీ సంబంధం లేదు. విమానంలో వస్తే దిగేది ‘కోచి ర్యోమా’ విమానాశ్రయంలో. రైల్లో వస్తే స్టేషన్‌ బయట మూడు భారీ విగ్రహాలు ఎదురవుతాయి. నడుమ నిలబడ్డవాడు ర్యోమా. ఆ మూడింటినీ తేలికపాటి ఫోమ్‌తో చేశారు కాబట్టి తుపాను వస్తోందంటే జాగ్రత్తగా తీసి దాచిపెడతారు. ఇక ఊళ్లోకి వెళ్తే బస్సు మీద ర్యోమా, మిఠాయి డబ్బా మీద ర్యోమా, టీషర్టు మీద ర్యోమా.

ఇంతమంది ఇంతగా ప్రేమించే ఈ మనిషి రాజు కాదు, సేనాధిపతి కాదు. ఏ ప్రభుత్వంలోనూ పదవి చేయలేదు. పుస్తకం రాయలేదు, మఠం పెట్టలేదు. సకమోటో ర్యోమా 1836లో ఇక్కడ పుట్టాడు, 1867లో క్యోటోలో హత్యకు గురయ్యాడు. బతికింది 31 ఏళ్లు. చరిత్ర అతన్ని గుర్తుంచుకునే పనులన్నీ చివరి ఐదేళ్లలో చేసినవే.

అతని పేరిట కోచి ప్రిఫెక్చర్‌ నడుపుతున్న స్మారక మ్యూజియం ఊరికి దూరంగా, కత్సురహామా సముద్రతీరంలోని కొండ మీద ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లకు నేను చెప్పే మాట ఒకటే. కత్తి చూడటానికి వెళ్లకండి, ఉత్తరాలు చూడటానికి వెళ్లండి. ర్యోమా రాసినవని తెలిసిన ఉత్తరాలు 140 దాకా ఉన్నాయి. వాటిలో మనసుకు హత్తుకునేవన్నీ ఇంటికి రాసినవి, ముఖ్యంగా మూడో అక్క ఒటోమెకు రాసినవి. జపాన్‌ను తలకిందులు చేసిన ఆ కాలాన్ని ఒక తమ్ముడు అక్కకు ఎలా చెప్పుకున్నాడో తెలియాలంటే ఇంతకు మించిన చోటు లేదు.

కొండకూ ఓ కథ ఉంది

స్టేషన్ దగ్గర ‘మై-యూ’ టూరిస్టు బస్సెక్కితే కత్సురహామాకు ముప్పావు గంట పైన పడుతుంది. దిగగానే కనబడేది విల్లులా వంగిన తీరం. వెన్నెల చూడటానికి పేరుపడ్డ చోటు. అలలు ఎంత మొరటుగా వస్తాయంటే ఇక్కడ ఈతకు అనుమతే లేదు. పైన్‌ చెట్ల మధ్య ఎత్తైన పీఠం మీద కంచు ర్యోమా సముద్రం వైపు చూస్తూ ఉంటాడు. విగ్రహం 5.3 మీటర్లు, పీఠంతో కలిపి 13 మీటర్ల పైమాటే. ఏటా కొన్ని వారాలు దీని పక్కన మెట్లతో మంచె కడతారు. పైకెక్కితే అతని కళ్ల ఎత్తులో నిలబడి అతను చూసే సముద్రాన్నే చూడొచ్చు. జనం వరుసలో నిలబడి మరీ ఎక్కుతారు.

కోచి యువకులు ఊరూరా చందాలు పోగుచేసి 1928లో దీన్ని నిలబెట్టారు. విగ్రహం చూడగానే గుర్తొచ్చేది నాగసాకిలో ఉఎనో హికోమా స్టూడియోలో ర్యోమా తీయించుకున్న ఫొటో. ప్రపంచానికి తెలిసిన అతని రూపం అదే. కుడిచెయ్యి ఛాతీ దగ్గర కిమోనో లోపలికి దోపి ఉంటుంది. కాళ్లకు తోలు బూట్లు. ఆ చేతిలో ఏముంది? పిస్తోలా, పుస్తకమా, గాయపడ్డ వేళ్లను దాచుకున్నాడా? అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు.

విగ్రహం దగ్గర ఫొటో తీసుకుని తిరిగి బస్సెక్కేసేవాళ్లు చాలామంది. వాళ్లను ఆపి పైకి పంపాలనిపిస్తుంది. మ్యూజియం ఉన్న కొండ ఒకప్పటి ఉరదో కోట. 1600లో సెకిగహారా యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచినందుకు చోసోకబే వంశం అప్పట్లో తోసా అనే ఈ రాజ్యాన్ని పోగొట్టుకుంది. కొత్త పాలకులుగా యమనౌచి వంశం వచ్చినప్పుడు పాత వంశపు సైనికులు ఈ కోటను అప్పగించబోమని తిరగబడ్డారు. అణచివేతలో 273 తలలు తెగాయి. వాటిని ఓడకెక్కించి ఒసాకా పంపారు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు తోసాలో సమురాయ్‌లు రెండు వర్గాలు. యమనౌచీలతో వచ్చినవాళ్లు పైవాళ్లు. పాత వంశపువాళ్లు, ఊళ్లలో ఉండే గోషీలు కిందివాళ్లు. కిందివాడు దారిలో పైవాడికి ఒదిగి నిలబడాలి. వేసుకునే చెప్పుల దగ్గర్నుంచి అన్నిటికీ ఆంక్షలే.

ర్యోమాది ఆ కింది వర్గం. అయితే అతని పూర్వీకులు కోట కోసం పోరాడినవాళ్లేమీ కాదు. ‘సైతానియా’ అనే పేరుతో సారాయి కాచి, తాకట్టు వ్యాపారం చేసి సంపన్నులైన వర్తకులు. డబ్బు పెట్టి గోషీ హోదా కొనుక్కున్న కుటుంబం. ఇంట్లో సమురాయ్‌ కత్తీ ఉంది, వ్యాపారి లెక్కల పద్దూ ఉంది. ర్యోమా జీవితంలో కుటుంబం నుంచి అందిన ఈ రెండూ మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. శత్రువుల్ని కలపాల్సి వచ్చినప్పుడు అతను ధర్మోపన్యాసం చేయలేదు, సరుకు బేరం కుదిర్చాడు.

మ్యూజియం 1991 నవంబరు 15న తెరిచారు. పాత చాంద్రమాన పంచాంగం ప్రకారం పదకొండో నెల 15వ రోజున ర్యోమా పుట్టాడు. అదే నెల అదే రోజున చనిపోయాడు కూడా. మొదట కట్టిన భవనం గాజు గోడలతో కొండ అంచు నుంచి సముద్రం మీదికి సాగినట్టు ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో పక్కనే కొత్త భవనం వచ్చింది. కాగితాలను కాపాడే వసతులున్న ప్రదర్శనశాలలు అందులో ఉన్నాయి. గుమ్మం దగ్గర మరో ర్యోమా విగ్రహం చెయ్యి చాచి నిలబడి ఉంటుంది. వచ్చినవాళ్లందరూ ఆ చేతిని పట్టుకుని ఊపి లోపలికి వెళ్తారు. పిల్లలైతే వదలరు.

అక్కా, నీ తమ్ముడికి అదృష్టం పట్టింది

ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు ర్యోమా. అన్న గొంపెయ్‌కీ అతనికీ ఇరవై ఏళ్లకు పైగా తేడా. చిన్నతనంలోనే తల్లి పోతే ఒటోమె పెంచింది. ఆమె ఎత్తరి, బలిష్ఠురాలు, కత్తి తిప్పగలదు. నాలుగేళ్లే పెద్దదైనా అమ్మా గురువూ తానే అయింది. పసివాడిగా ర్యోమా ఏడుపుగొట్టనీ, చదువు అబ్బనివాడనీ కథలు చెబుతారు. నిజమెంతో గానీ, అతని చేతిరాతను చూస్తే బడిలో వంచి తీర్చిదిద్దిన చెయ్యి కాదని తెలుస్తుంది. అక్షరాలు చిన్నవీ పెద్దవీ అవుతూ, వాలుతూ, లేస్తూ పరుగెడతాయి.

ఆ కాలపు సమురాయ్‌ ఉత్తరం రాస్తే చైనా లిపి బరువుతో, మర్యాద పదాల కట్టుతో ఉండేది. ర్యోమా అక్కకు రాసేది మాట్లాడినట్టే ఉంటుంది. ఎక్కువగా పలికినట్టు రాసే కనా అక్షరాలు, తోసా యాస, మధ్యలో పరాచికాలు. 1863లో రాసిన ఒక ఉత్తరంలో మనిషి జీవితం ఎంత వింతో చెబుతూ, స్నానం చేసి తొట్టిలోంచి లేస్తూ తగలరాని చోట దెబ్బ తగిలి ప్రాణం పోగొట్టుకునే దురదృష్టవంతులూ ఉంటారని రాస్తాడు. తనకు మాత్రం అదృష్టం కలిసొచ్చి, దేశంలోకెల్లా గొప్పవాడైన కత్సు రింతారోకు శిష్యుణ్నయ్యానని మురిసిపోతాడు. మరో ఉత్తరంలో ఇదే సంగతి మళ్లీ చెబుతూ, గొప్పలు పోయేవాడు గొంతు సవరించుకునే చప్పుడును కూడా కాగితం మీద పెట్టేస్తాడు. గాజుపెట్టె ముందు నిలబడ్డ జపాన్‌ పిల్లలు ఆ చోటు చదివి నవ్వుతుంటారు. నూట అరవై ఏళ్ల కిందటి ఉత్తరం వాళ్లను నవ్విస్తోంది!

ఆ మురిపెం వెనక ఎంత ఉందో చెప్పాలి. 1853లో 17 ఏళ్ల ర్యోమా కత్తిసాము నేర్చుకోవడానికి ఎడో నగరం (నేటి టోక్యో) వెళ్లాడు. అదే ఏడు అమెరికా నౌకాధికారి పెరీ నల్ల ఓడలతో వచ్చి, రెండు వందల ఏళ్లకు పైగా తలుపులు బిగించుకున్న జపాన్‌ను తెరవమన్నాడు. దేశమంతా కోపం, భయం. విదేశీయుల్ని తరిమేయాలన్న పట్టుదలతో ఉన్న యువకుల్లో ర్యోమా ఒకడు. 1862లో అనుమతి లేకుండా తోసా సరిహద్దు దాటాడు. అది కుటుంబానికీ శిక్ష తెచ్చిపెట్టగల నేరం. ఆ తర్వాత కలిసిన మనిషి, దేశాన్ని ఏలుతున్న సైనిక పాలకుడు షోగున్‌ కొలువులోని నౌకాధికారి కత్సు కైషూ. ఉత్తరాల్లోని రింతారో ఇతనే. పసిఫిక్‌ను దాటి అమెరికా చూసి వచ్చినవాడు. అతణ్ని చంపడానికి వెళ్లి, మాటలు విని శిష్యుడయ్యాడన్నది ప్రసిద్ధమైన కథ. చంపే ఉద్దేశం నిజంగా ఉందో లేదో రుజువులు బలంగా లేవు. శిష్యుడైన మాట మాత్రం అక్క ఉత్తరాల్లో స్పష్టంగా ఉంది. తాను తరిమేయాలనుకున్న ప్రపంచాన్ని ఓడెక్కి చూడాలనుకున్నవాడిగా అతను మారిన ఏడు ఇదే. కథ కన్నా ఆ గొంతు సవరింపే నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఉతకాలన్న మాట

ర్యోమా మాటల్లో ఎక్కువగా అచ్చువేసేది, దేశాన్ని మరోసారి ఉతికి శుభ్రం చేయాలన్నది. కోచి దుకాణాల్లో తువ్వాళ్ల మీద, చొక్కాల మీద అదే. ఒంటరిగా చదివితే తీయటి నినాదంలా ఉంటుంది. అది 1863లో ఒటోమెకు రాసిన ఉత్తరంలోది. మొత్తం చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఆ వేసవిలో చోషూ సంస్థానం షిమొనొసెకి జలసంధిలో విదేశీ ఓడల మీద కాల్పులు జరిపింది. బదులుగా విదేశీ యుద్ధనౌకలు చోషూ మీద దాడి చేశాయి. దెబ్బతిన్న ఆ ఓడల్ని ఎడోలో బాగుచేసి మళ్లీ చోషూ మీదికి వెళ్లనిస్తున్నారని ర్యోమాకు తెలిసింది. సొంత దేశస్థుల మీద కాల్చే ఓడలకు మరమ్మతు చేసేది షోగున్‌ అధికారులే! ఆ దుష్ట అధికారులు విదేశీయులతో కుమ్మక్కయ్యారనీ, తనలాంటివాళ్లు కలిసి వాళ్లను నరికి, ఆ తర్వాత దేశాన్ని ఉతకాలనీ అతని ఆక్రోశం. అందులో సబ్బు నురగ లేదు, నెత్తురుంది. ఇరవై ఏడేళ్ల యువకుడి కోపం అది.

తువ్వాలు మీద సగం వాక్యం అచ్చువేసినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ మ్యూజియం ఆ ఉత్తరాన్ని మొత్తంగా, సందర్భంతో సహా చూపించడం వల్లే ర్యోమా ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది. నరకాలన్నవాడు మూడేళ్లలో బద్ధశత్రువుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టాడు. నాలుగేళ్లలో షోగున్‌ తనంతట తాను అధికారం వదులుకునే దారి కోసం పనిచేశాడు.

బద్ధశత్రువులు సత్సుమా, చోషూ సంస్థానాలు. 1864లో క్యోటో రాజప్రాసాదం గుమ్మం ముందే కత్తులు దూసుకున్నవి. షోగున్‌ నిషేధం వల్ల చోషూకు ఆయుధాలు దొరకవు. సత్సుమాకు బియ్యం కొరత. ర్యోమా నాగసాకిలో మిత్రులతో కలిసి నడిపిన ఓడ వ్యాపార సంఘం మధ్యలో నిలిచి, స్కాట్లండ్‌ వర్తకుడు గ్లవర్‌ దగ్గర సత్సుమా పేరు మీద చోషూకు తుపాకులు కొనిపించింది. ఏడు వేలకు పైగా. చోషూ బియ్యం సత్సుమాకు ఇవ్వజూపింది. వ్యాపారంలో కుదిరిన నమ్మకం మీద 1866 ఆరంభంలో క్యోటోలో రాజకీయ ఒప్పందం కుదిరింది. చోషూ నాయకుడు కిదో తకయోషి ఒప్పందంలోని ఆరు అంశాల్నీ కాగితం మీద పెట్టి, సరిగ్గా ఉన్నాయని ధ్రువీకరించమని ర్యోమాకే పంపాడు. ర్యోమా ఆ కాగితం వెనక ఎర్ర సిరాతో సాక్ష్యం రాసి సంతకం పెట్టాడు. రెండు పెద్ద సంస్థానాల మధ్య మాటకు ఏ సంస్థానమూ లేని మనిషి పూచీ! ఆ ఎర్ర అక్షరాల నకలు ముందు ఎంతసేపు నిలబడినా తనివి తీరదు.

కొండ బొమ్మ, ఒర్యో

ఒప్పందం కుదిరిన కొద్ది రోజులకే, క్యోటో దగ్గర ఫుషిమిలోని తెరదాయా సత్రంలో రాత్రిపూట ర్యోమా మీద దాడి జరిగింది. స్నానాల గదిలో ఉన్న ఒర్యో అనే యువతి బయట మనుషుల అలికిడి పసిగట్టి, బట్టలు సరిచేసుకునే తీరిక కూడా లేకుండా మెట్లెక్కి పరుగెత్తి హెచ్చరించింది. చోషూ యోధుడు తకసుగి షింసకు ఇచ్చిన పిస్తోలుతో ర్యోమా ఎదురుకాల్పులు జరిపి, చేతి వేళ్లకు లోతైన గాయాలతో తప్పించుకున్నాడు. ఒర్యోను పెళ్లాడిన సంగతి ఇంటికి రాస్తూ, ఈమె ఉండబట్టే నా ప్రాణం నిలిచిందని చెప్పాడు. ఆ కాలంలో భార్య గురించి అలా రాయడం అరుదు.

గాయాలు మానడానికి ఇద్దరూ సత్సుమాలోని కిరిషిమా వేడినీటి ఊటల దగ్గరికి వెళ్లారు. జపాన్‌లో మొదటి హనీమూన్‌ ఇదేనని పర్యాటకశాఖలు చెప్పుకుంటాయి. అది పక్కనపెట్టి, ఒటోమెకు పంపిన ఉత్తరాన్ని చూడండి. తకచిహో కొండను బొమ్మ గీశాడు. ఎక్కిన దారి, కాళ్లు జారిన చోటు, కొండంతా పూసిన పూలు, శిఖరం మీద దేవతలు గుచ్చారని చెప్పే కంచు ఈటె, అన్నిటికీ గుర్తులు పెట్టి పక్కన వివరణ రాశాడు. ఆ ఈటె పిడి మీద పెద్ద ముక్కున్న ముఖాలు చూసి ఇద్దరికీ నవ్వు ఆగలేదట. దాన్ని పట్టుకుని లాగితే ఊడి వచ్చేసిందట. శిఖరం మీద దేవుడి ఆయుధాన్ని పీకి నవ్వుకున్న ఆలుమగలు! షోగున్‌ అధికారులు వెతుకుతున్న మనిషి తీరిగ్గా కూర్చుని అక్క కోసం బొమ్మ గీశాడంటే ఆ కుటుంబం మీద ఎంత ప్రేమో.

ఒర్యోకు అతను రాసిన ఉత్తరాల్లో మిగిలింది ఒక్కటే. భర్త పోయాక ఆమె కొన్నాళ్లు కోచిలో అత్తవారింట ఉంది. ఇమడలేక వెళ్లిపోయింది. వెళ్లేముందు మిగతా ఉత్తరాల్ని కాల్చేసిందని చెబుతారు. తర్వాత యొకొసుకాలో మరో పెళ్లి చేసుకుని, 1906లో చనిపోయింది. ఒటోమె 1879లోనే కన్నుమూసింది. దేశమంతా ఇప్పుడు తమ్ముడి ఉత్తరాల కోసం ఆమె పేరు తలుచుకుంటోంది. మగవాళ్లు రాసుకున్న చరిత్రలో పెంచిన అక్కకు ఇంత చోటు దొరకడం అరుదు. ఈ మ్యూజియాన్ని నేను ఒటోమె మ్యూజియం అని కూడా అనుకుంటాను.

చిన్న గది

మ్యూజియంలో ఒక గదిని నిలువెత్తు కొలతల్లో మళ్లీ కట్టారు. క్యోటోలో ఓమియా అనే సోయాసాస్‌ వ్యాపారి ఇంటి పై అంతస్తు అది. 1867 డిసెంబరు 10 రాత్రి జలుబుతో ఉన్న ర్యోమా అక్కడ మిత్రుడు నకాఒకా షింతారోతో మాట్లాడుతున్నాడు. కోడిమాంసం తెమ్మని కుర్రవాణ్ని పంపారు. అంతలో వచ్చిన హంతకులు ర్యోమా తలమీద కొట్టారు. అతను కత్తిని ఒరలోంచి తీసే వ్యవధి లేక ఒరతోనే అడ్డుకున్నాడు. షింతారో మరో రెండు రోజులు బతికాడు. షోగున్‌ పక్షపు మిమవరిగుమి దళం పనేనని ఇప్పుడు చాలామంది చరిత్రకారులు నమ్ముతారు. ఆ దళం సభ్యుడు ఇమయి నోబుఒ 1870లో ఒప్పుకున్నాడు. అయినా వెనక ఎవరున్నారన్న వాదం ఆగలేదు.

గది చిన్నదని చదివినప్పుడు తెలియదు, చూస్తేనే తెలుస్తుంది. పైకప్పు తక్కువ. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే కదలడానికి చోటుండదు. గోడన పూలకొమ్మల చిత్రపటం, పక్కన మడతల తెర. తెర కింది భాగంలో పిల్లి బొమ్మలు. వాటి మీదే నెత్తురు చింది ఉంది.

అసలు పటం, అసలు తెర, పైన చెప్పిన ముఖ్యమైన ఉత్తరాల మూలప్రతులు చాలావరకు క్యోటో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. అవి అక్కడికి చేరిన తీరు తెలిస్తే వాటి విలువ రెట్టింపవుతుంది. ర్యోమా వంశంవాళ్లు మెయిజీ కాలంలో ఉత్తరాన హొక్కయిడోకు వలస వెళ్లారు. 1913లో కుషిరో పట్నంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఇంట్లోని వస్తువులు కొన్ని కాలిపోయాయి. అతని కత్తి ముత్సునొకమి యోషియుకి వేడికి తన వంపును పోగొట్టుకుని తిన్నబడింది. మిగిలినవాటిని ఆ కుటుంబం 1931లో క్యోటో మ్యూజియానికి ఇచ్చేసింది. వంపు లేదు కాబట్టి కత్తి నిజమైనది కాదేమోనని ఏళ్ల తరబడి అనుమానించారు. ఇటీవలి పరిశోధన అది ర్యోమా కత్తేనని తేల్చింది. మూలప్రతులు చాలావరకు క్యోటోలో ఉన్నాయి కాబట్టి కోచిలో చాలాసార్లు చూసేది నకళ్లనే. కాగితం వెలుతురుకు తట్టుకోదు. మూలప్రతులుంటే ఒకదాని తర్వాత ఒకటి కొద్దికాలం చొప్పున బయటికి తీస్తారు. నకలు అని పక్కనే రాసి ఉంటుంది. భక్తికి నిలయమైన ఇలాంటి చోట ఆ నిజాయితీకి చాలా మర్యాద ఇవ్వాలి. నకలు చూసి నిరాశపడొద్దు, మాట మాత్రం అసలుదే.

ఎవరి ర్యోమా?

చనిపోయిన పదిహేనేళ్లకు అతను దాదాపు మరుపున పడ్డాడు. 1883లో కోచి పత్రిక ‘దోయో షింబున్‌’లో సకజకి షిరన్‌ అనే రచయిత ర్యోమా కథను ధారావాహికగా రాశాడు. ప్రజల హక్కుల ఉద్యమం కోచిలో ఉప్పెనలా ఉన్న రోజులవి. షిరన్‌కు ర్యోమా స్వేచ్ఛకు ప్రతీక. ఇరవై ఏళ్లకు గాలి మారింది. 1904లో రష్యాతో యుద్ధానికి ముందు సామ్రాజ్ఞి కలలో తెల్లబట్టల మనిషి కనిపించి నౌకాదళాన్ని కాపాడతానన్నాడనీ, అతను ర్యోమాయేననీ పత్రికలు రాశాయి. నౌకాదళానికి అతను రక్షకుడైపోయాడు. కత్సురహామా విగ్రహాన్ని ఆవిష్కరించిన 1928 మే 27 అప్పటి నౌకాదళ దినోత్సవం.

యుద్ధంలో ఓడిన తర్వాత మరో ర్యోమా పుట్టాడు. 1962 నుంచి 1966 దాకా షిబా ర్యోతారో ‘సంకెయ్‌ షింబున్‌’లో రాసిన ‘ర్యోమా గ యుకు’ నవల ఆ తరాన్ని ఊపేసింది. కలలు కనే, ఓడలెక్కే, ఎవరికీ తలవంచని ర్యోమా అందులోవాడు. ఇవాళ జపాన్‌వాళ్ల మనసులో ఉన్నది ఎక్కువగా అతడే. సాఫ్ట్‌బ్యాంక్‌ అధినేత మసయోషి సన్‌ తనను మలిచిన పుస్తకంగా దాన్నే చెబుతాడు. మన దేశపు అంకుర సంస్థల్లో వేల కోట్లు పెట్టిన ఆ కంపెనీ గుర్తులోని రెండు గీతలు ర్యోమా నాగసాకిలో నడిపిన కైఎన్‌తాయ్‌ దళం జెండా నుంచి వచ్చినవే. 2010లో ఎన్‌హెచ్‌కే చానల్‌ ఏడాది పొడవునా ‘ర్యోమాదెన్‌’ ప్రసారం చేసినప్పుడు కోచికి జనం పోటెత్తారు.

ఇంత ప్రేమ చుట్టూ కథలు అల్లుకోకుండా ఉండవు. ఓడలో కూర్చుని కొత్త జపాన్‌కు ఎనిమిది సూత్రాలు చెప్పి రాయించాడన్నది బడిపిల్లలకూ తెలిసిన ఘట్టం. ఆ కాగితం మూలప్రతి లేదు. తర్వాతివాళ్ల కల్పనేమోనని పరిశోధకులు అనుమానిస్తున్నారు. అయితే చనిపోయిన నెలలోనే అతను తన చేత్తో రాసిన మరో ఎనిమిది సూత్రాల పత్రం నిజంగా ఉంది. రెండు సభల పాలన, ప్రతిభ ఉన్నవాళ్లకు పదవులు, విదేశాలతో సంబంధాలు, నౌకాదళం, అన్నీ అందులో ఉన్నాయి. చివర ఈ పని చేపట్టే కూటమికి నాయకుడెవరో చెప్పాల్సిన చోట పేరు రాయకుండా మూడు సున్నాలు చుట్టాడు. ఎవరి పేరు? ఇదమిత్థంగా ఎవరూ చెప్పలేరు. కల్పించిన ఏ ఘట్టం కన్నా ఈ మూడు సున్నాలే నన్ను ఎక్కువగా వెంటాడతాయి.

2017లో ఉన్నత పాఠశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకుల సంఘం ఒకటి విద్యార్థులు కంఠస్థం చేయాల్సిన చారిత్రక పదాల్ని సగానికి తగ్గించాలంటూ ఒక జాబితా ప్రతిపాదించింది. అందులో ర్యోమా పేరు లేదు. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ అధ్యాపకుల వాదంలో పస ఉంది. సత్సుమా, చోషూల్ని కలపడంలో ఇంకా ఎంతోమంది చెయ్యి ఉంది. వ్యవస్థల మార్పును ఒక మనిషి సాహసంగా నేర్పితే చరిత్ర అర్థం కాదు. అయినా ఆ జాబితాతో నేను ఏకీభవించలేను. సంస్థానం, హోదా, సైన్యం ఏవీ లేనివాడు ఉత్తరాలు రాసి, ఓడలు తిప్పి, మనుషుల్ని కలిపి ఒక దేశపు మలుపులో చోటు సంపాదించుకోవడం కూడా చరిత్రే. పదిహేడేళ్ల పిల్లలకు అది తెలియాలి.

మ్యూజియంలో సందర్శకులు ర్యోమాకు ఉత్తరం రాసే చోటు ఒకటుంది. ఉద్యోగం మానేద్దామా వద్దా, నాన్నతో మాటల్లేవు, పరీక్ష తప్పాను అంటూ, తమ జీవితాల్లోని సంగతుల్ని ఆయనకు విన్నవించుకునేవాళ్లు ఎందరో. దీన్ని వింతగా చూడనక్కర్లేదు. అక్కతో అరమరికలు లేకుండా మాట్లాడిన మనిషితోనే ఎవరైనా అరమరికలు లేకుండా మాట్లాడగలరు.

పిల్లల చరిత్రలోంచి పేరు తీసేద్దామా అని వాదించుకున్న 2017లోనే, జనవరిలో, ఎవరికీ తెలియని ఒక ఉత్తరం బయటపడింది. అంతకు మూడేళ్ల ముందు కూడా ఒకటి దొరికింది. పాత సామాన్ల కొట్లో వెయ్యి యెన్‌లకు కొని గోడకు తగిలించుకున్న కాగితం ర్యోమా చిత్తుప్రతి అని ఒక టీవీ కార్యక్రమం వల్ల తేలింది. 2017లో బయటపడింది మాత్రం హత్యకు ఐదు రోజుల ముందు రాసింది. ఫుకుయి సంస్థానంలోని పెద్దమనిషి నకనె యుకియెకు పంపాడు. దాన్ని దాచినవాళ్లు ఇతరులకు చూపరాదని కట్టకు చీటీ అంటించి ఉంచారు. అందులో ర్యోమా అడిగింది ఒకే మనిషిని. మిత్సుఒకా హచిరో అనే ఆర్థిక నిపుణుణ్ని వెంటనే క్యోటో పంపండి, ఒక్కరోజు ఆలస్యమైతే షోగున్‌ స్థానంలో వచ్చే కొత్త రాజ్యపు ఖజానా ఏర్పాటు అంతమేర వెనకబడుతుందని తొందర పెట్టాడు. తన పదవి గురించి మాటైనా లేదు. ర్యోమా హత్య జరిగిన కొద్ది వారాలకే మిత్సుఒకాను కొత్త ప్రభుత్వం క్యోటోకు పిలిపించుకుంది. యురి కిమిమస అన్న పేరుతో అతను దేశానికి కొత్త కాగితపు డబ్బు తెచ్చాడు. 1868లో చక్రవర్తి ప్రకటించిన ఐదు సూత్రాల ప్రమాణానికి తొలి చిత్తు రాసింది కూడా అతనే.